చూసినవారు ఇరవై తొమ్మిది

"ఎంతమందికి పంపావు?"

"ఒక్క మా అమ్మకే అక్కా."

"మీ అమ్మ ఒక్కతే ఇరవై తొమ్మిది మంది ఎలా అయింది?"

బుల్లి కళ్ళజోళ్ళ దుకాణంలో కౌంటరు చివరనున్న కంప్యూటరు ముందు నిలబడి, వీడియో కింద చిన్న కన్ను బొమ్మ పక్కనున్న అంకెనే చూస్తోంది. పొద్దున దుకాణం ఊడ్చాక ఊరికే తెరిచి చూసినప్పుడు పద్దెనిమిది. ఏదో తప్పు లెక్కలే అనుకుంది. భోజనాల వేళకు ఇరవై తొమ్మిది అయింది.

అంకె ఒక్కటే అయితే ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చిన అక్కను పట్టుకుని మేడమీది ఇంట్లోంచి కిందికి లాక్కొచ్చేది కాదు. వీడియో కింద ఎవరో ఒక మాట రాశారు.

'పిచ్చుక బాగా ఎదిగింది. ముందు పళ్ళు కూడా వచ్చేశాయి.'

రాసినవారి పేరు ఉండాల్సిన చోట 'అతిథి' అని మాత్రం ఉంది.

"ఎవరిది? మీ చుట్టాలెవరైనా?" నర్సు బట్టలు కూడా మార్చుకోని అక్క తెరకేసి వంగింది.

"బళ్ళో పిల్లను అసలు పేరుతోనే పిలుస్తారు. పిచ్చుక అనేది మనం ముగ్గురం, టైపు చెయ్యడం రాని మా అమ్మ." బుల్లి తెర మీంచి చూపు తిప్పుకుంది. "ఇంకొక్కడు."

కౌంటరు వెనక ఎవరిదో ఫ్రేముకు మర బిగిస్తున్న బావ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

వాళ్ళు ముగ్గురూ చూస్తుండగానే ఆ అంకె కదిలింది. ముప్ఫై.

అంటే ఈ క్షణంలో, ఎక్కడో, అతను దాన్ని చూస్తున్నాడు.

బుల్లి కస్టమర్లు కూర్చునే కుర్చీ అంచు దొరకబుచ్చుకుని కూర్చుంది.

ఆ వీడియో చెయ్యడానికి ఆమెకు వారం పట్టింది. మధ్యాహ్నం రెండు దాటితే నాలుగింటి దాకా దుకాణానికి ఎవరూ రారు. అమ్మకు అరవై అయిదు నిండుతున్నాయి, పక్కన కూర్చునే రాత ఎలాగూ లేదు, కనీసం ఫోటోలైనా పంపుదామనుకుంది. ఫోటోలతో వీడియో చేసిపెట్టే ఎడిటర్ ఒకటి ఆన్‌లైన్‌లో ఉందని బావే చూపించాడు. అందులో ఒక నమూనా ఎంచుకోవాలి. ఫోటోలు ఒక్కొక్కటే పట్టి గడుల్లోకి లాగాలి. ఒక ఫోటో పోయి ఇంకోటి వచ్చేటప్పుడు పుట తిప్పినట్టు తిరగాలా, మంచులా కరగాలా అని అడుగుతుంది. కింద సంగీతం, పైన రాత. ఫోటోలకు కదలిక మాత్రం అదే ఇస్తుంది. ఉన్నచోటే ఉన్న బొమ్మ మెల్లగా దగ్గరికొస్తుంది, పక్కకు జరుగుతుంది, ఊపిరి పోసుకున్నట్టుంటుంది.

పూర్తయిన రోజు బావ నిలబడి చూసి, "సినిమా తీశావు కదమ్మా బుల్లీ," అన్నాడు. బావ నోటి నుంచి నెలకు పది మాటలు వస్తే గొప్ప. అందులో ఒకటి తనకు దక్కిందని ఆమె ఆ రోజంతా గాల్లో తేలింది.

లింకు తీసుకునేటప్పుడు తాళం బొమ్మ ఒకటి కనిపించింది. సంకేతపదం పెట్టమంది. అమ్మ అవన్నీ కొట్టలేదని వదిలేసింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు బావ.

"ఇప్పుడు చూడ్డానికి అదేమన్నా సంబరమా?" అంది అక్క.

"వెయ్యమ్మా."

బుల్లి నొక్కింది. సంగీతం మొదలైంది. పిచ్చుక మెట్ల మీద. పిచ్చుక యూనిఫారంలో, జడలు బిగుతుగా వేసుకుని, జేబు మీద బడి పేరున్న గుర్తుతో. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పిచ్చుక ఇదే దుకాణంలో, ఇదే కుర్చీలో, అద్దాల్లేని పెద్ద ఫ్రేము ముక్కు మీదికి జార్చుకుని నవ్వుతోంది. ఎడిటర్ ఇచ్చిన కదలిక ఆ నవ్వు మీద ఆగలేదు. పిల్ల చెవి పక్కగా మెల్లగా వెనక్కి పోయింది. గోడకున్న అద్దం దగ్గరికి, ఇంకా దగ్గరికి.

బావ బొమ్మను ఆపించాడు.

దుకాణం పేరూ, ఫోను నంబరూ వీధి తలుపు గాజు మీద రాసి ఉంటాయి. లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. అందుకే అవి ఫోటోలో పడతాయన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కానీ గోడ అద్దం తిరగబడ్డ వాటిని మళ్ళీ తిప్పేసింది. పేరు, నంబరు, ఒక్క అంకె చెదరకుండా తెర మధ్యలో నిలబడ్డాయి.



"ఈ ఫోటో తీసింది నేనే," అన్నాడు బావ.

"తీస్తే తీశారు. ఊరంతటికీ పంచిపెట్టమన్నారా?" అక్క గొంతు లేచింది. "ఎన్ని జాగ్రత్తలు పడ్డామే! ఉత్తరం రానివ్వలేదు, నీ పాత నంబరు పారేయించాను, మీ అమ్మకు ఊరి పేరు కూడా చెప్పనివ్వలేదు. ఇవాళ నీకు బొమ్మలాట కావాల్సొచ్చిందా?"

"అక్కా..."

"వచ్చే నెలే పిల్ల విషయం కోర్టులో వాయిదా. లాయరమ్మ ఏం చెప్పింది? అందాకా వాడి కంట పడొద్దంది. చట్టం లెక్కన వాడికింకా పిల్ల మీద హక్కుందంది. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. ఈ పద్నాలుగు నెలల్లో నేను మనసారా నవ్వింది ఆ వారం రోజులే అక్కా. దానికి ఇంత శిక్ష పడుతుందనుకోలేదు."

అక్క చేతిసంచి జిప్పు లాగింది, మళ్ళీ మూసింది.

ఆమె తోడబుట్టిన అక్క కాదు. ఎడమ మణికట్టు విరిగి బుల్లి ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు ఆ వార్డులో నర్సు. 'బాత్రూములో జారిపడ్డాను' అని బుల్లి చెప్పిన కథ విని, ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా ఒక చీటీ మీద తన నంబరు రాసి దిండు కింద పెట్టింది. తర్వాత ఆమెకు ఈ ఊరికి బదిలీ అయింది. ఏడాది తిరక్కుండానే ఒక సంచీ, ఒక పిల్లతో బుల్లి ఈ గుమ్మం ముందు నిలబడింది. ఎందుకొచ్చావని అక్క అడగలేదు, ఎన్నాళ్ళుంటావని బావ అడగలేదు. పిచ్చుక రెండోరోజుకే వాళ్ళను పెద్దమ్మ, పెదనాన్న అనేసింది.

అలాంటి మనిషి మాట విసిరితే తిరిగి అనడానికి బుల్లికి ఏముంటుంది?

"ముందు అది తీసెయ్," అంది అక్క.

"ఆగు," అన్నాడు బావ. ఫోను తీసి, తెర మీది అంకెను, కింది రాతను, అది రాసిన వేళను ఒక్కొక్కటే ఫోటోలు తీసుకున్నాడు. "లాయరమ్మకు కావాలి. ఇప్పుడు తీసెయ్యమ్మా."

బుల్లి తీసేసింది. 'నిజంగా తొలగించాలా?' అని ఎడిటర్ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునంది. వారం రోజుల పని కనురెప్ప పాటులో పోయింది. పోయినా భయం తగ్గలేదు.

"ఇప్పుడు మీ అమ్మకు స్పీకరులో ఫోన్ చెయ్," అంది అక్క.

అమ్మ రెండో రింగుకే ఎత్తింది. "ఏమే బుల్లీ! ఎంత చక్కగా చేశావే! మూడుసార్లు చూశాను. పిల్ల అచ్చం నీ చిన్నప్పటి ముక్కే."

"ఎవరికైనా చూపించావా అమ్మా?"

అటు ఏదో గిన్నె పక్కకు జరిపిన చప్పుడు.

"అమ్మా, నిన్నే."

"నా పుట్టినరోజని గుర్తుపెట్టుకుని అల్లుడు వచ్చాడే. నిన్న పొద్దున్నే. స్వెటరు తెచ్చాడు. కొడుకు లేని లోటు... ఒక్కసారి బిడ్డను చూపించమని చంటిపిల్లాడిలా ఏడిచాడు. కాదనడానికి మనసు ఒప్పలేదే. ఫోనులో చూపించాను."

"చూపించావా, పంపావా?"

"నాకు పంపడం చేతనవుతుందా? ఫోను అడిగి తీసుకుని అతనే పంపుకున్నాడు. మగాడికి కోపం రావడం లోకంలో లేనిదా? నువ్వు కూడా ఒక మెట్టు దిగితే..."

అక్క చెయ్యి చాచి ఫోను తీసుకుంది. కేకలేస్తుందనుకుంది బుల్లి. కానీ వార్డులో రోగుల ఇంటివాళ్ళకు చెప్పే గొంతుతో మెల్లగా మాట్లాడింది.

"పిన్నిగారూ, నేను నర్సును. మీ అమ్మాయి చెయ్యి విరిగినప్పుడు ఆ వార్డులో నేనే ఉన్నాను. ఆ చెయ్యి ఎలా విరిగిందనుకున్నారు?"

"బాత్రూములో జారిపడింది కదమ్మా?"

"జారిపడితే ఎముక అలా విరగదండీ. పట్టుకుని మెలిపెడితే అలా విరుగుతుంది."



"నాతో అలా చెప్పలేదే," అంది అమ్మ. "బుల్లీ, నాతో ఎందుకు చెప్పలేదే?"

బుల్లి ఎడమ మణికట్టును కుడి చేత్తో పట్టుకుంది. చెబితే అమ్మ నమ్మదని భయం. నమ్మితే తట్టుకోలేదని భయం. రెండు భయాల మధ్య నోరు మూసుకున్నందుకే కదా అమ్మ ఇవాళ అతన్ని కూర్చోబెట్టి పిల్లను చూపించింది.

"ఇప్పుడతను ఎక్కడున్నాడమ్మా?" అని మాత్రం అడిగింది.

"నిన్న సాయంత్రమే వెళ్ళిపోయాడే. ఏదో బస్సుకు టైమవుతోందన్నాడు. ఏ ఊరని అడగలేదు."

అమ్మ వాళ్ళ ఊరి నుంచి ఇక్కడికి తొమ్మిది గంటల ప్రయాణం.

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. బడి వదిలేది మూడింటికి.

బడి నంబరు బావే నొక్కి బుల్లికి ఫోనిచ్చాడు. ఆఫీసు గుమాస్తా ఎత్తింది. బుల్లి పిల్ల పేరు చెప్పగానే, "ఆ, చెప్పండమ్మా. మీకే చేద్దామనుకుంటూ మార్కుల పనిలో పడిపోయాం. పదకొండింటికి పాప నాన్నగారు వచ్చారు," అంది.

"పంపించేశారా?" అంది బుల్లి.

"లేదమ్మా! జాబితాలో మీ పేరు, మీ అక్కగారు, బావగారి పేర్లే ఉన్నాయి. మేడం ఒప్పుకోలేదు. మనిషి చాలా మర్యాదస్తుడండీ. పాప ఫోటోలతో ఏదో వీడియో ఉంది కదా, అది చూపించారు. మేమంతా చూశాం. ఎంత బాగుందో! కూతురంటే ఎంత ప్రేమో అనుకున్నాం."

బుల్లి తన చేతులతో తను చేసిన బొమ్మలను పట్టుకుని, అతను అందరి ముందూ తండ్రినని రుజువు చేసుకుంటున్నాడు.

"మేం వస్తున్నాం. ఎవరొచ్చినా పంపొద్దు. మూడయినా సరే, గదిలోంచి బయటికి పంపొద్దు."

బావ అప్పటికే స్కూటరు తాళం తీశాడు.

"దుకాణం మూసేద్దాం, నువ్వూ రా అక్కా."

"మూస్తే ఇంట్లో ఎవరూ లేరని వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. వాడు కాచుకునేది బడి దగ్గర. పిల్లను తెచ్చుకోండి. నేను పోలీస్ స్టేషనుకు ఫోన్ చేస్తా." అక్క బుల్లి భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. ఆ నెట్టడంలోనే ఇందాకటి మాటకు క్షమాపణ ఉంది. "ఏడుపు తర్వాత. పో."

స్కూటరు మీద బుల్లి ముఖానికి చున్నీ చుట్టుకుంది. దారి పొడవునా మగవాళ్ళందరూ అతనిలాగే కనిపించారు. మందుల షాపు ముందు నిలబడ్డవాడి వీపు అతనిదే. సిగ్నలు దగ్గర పక్కకొచ్చి ఆగిన కారులోని మోచెయ్యి అతనిదే. బస్‌స్టాపులో పేపరు చదువుకుంటున్న ముసలాయన పేపరు దించేదాకా ఆమె ఊపిరి వదల్లేదు.

బడి గేటు దగ్గర ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం ఇంకా భయపెట్టింది.

పిచ్చుక హెడ్‌మిస్ట్రెస్ గదిలో, కాళ్ళు నేలకందని కుర్చీలో కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కుకుంటోంది. బుల్లి మోకాళ్ళ మీద కూర్చుని పిల్లను వాటేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. వీపు మీద ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"నొప్పెడుతోందమ్మా," అంది పిచ్చుక. కాసేపాగి చెవిలో, "నాన్న వచ్చాడు," అంది.

"చూశావా?"

"క్లాసు కిటికీలోంచి. చెయ్యి ఊపాడు. నేనూ ఊపేశాను." పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "ఊపకూడదా?"

"ఊపితే ఏం కాదురా."

"మరి నీ చేతులెందుకు వణుకుతున్నాయి?"

బుల్లి చేతులు వెనక్కి దాచుకుంది. హెడ్‌మిస్ట్రెస్ లేచి కిటికీ తెర లాగింది. "మా తోటమాలి గేటు దగ్గరే ఉన్నాడు. మీకు కావాల్సినంతసేపు ఇక్కడ కూర్చోండి," అంది.

అప్పుడే ఫోను మోగింది. అక్క.

"పిల్ల దొరికింది అక్కా. బాగానే..."

"ఆహా, అలాగేనండీ. మీ కళ్ళద్దాలు ఇంకా తయారవలేదు," అంది అక్క. గొంతు గాజు మీద గోరు గీసినట్టుంది. "ఇవాళ రావద్దు. రేపు కూడా వద్దు. ఇక్కడ ఒకాయన కళ్ళ పరీక్ష చెయ్యమని కుర్చీలో కూర్చుని ఉన్నారు. డాక్టరు గారు బయటికెళ్ళారన్నా లేవడం లేదు. వచ్చేదాకా కూర్చుంటారట."

బుల్లి మెల్లగా లేచి నిలబడింది. గోడకు ఆనుకుంది. బావ ఆమె ముఖం చూసి దగ్గరికొచ్చాడు. ఆమె పిల్లకు వినపడకుండా వరండాలోకి నడిచి స్పీకరు నొక్కింది.

"పోలీసులు?" అంది గొంతు తగ్గించి.

"వస్తామన్నారండీ. ఎప్పుడో చెప్పలేదు."

పారిపోవచ్చు. బావ బస్సెక్కిస్తాడు. ఇంకో ఊరు, ఇంకో చీటీ, ఇంకో దిండు కింద. కానీ ఆ కుర్చీకి రెండడుగుల దూరంలో అక్క ఒక్కతే నిలబడి ఉంది. ఏ చుట్టరికమూ లేకుండా.

"ఫోను అతనికివ్వు," అంది బుల్లి.

"ఏంటండీ?"

"ఇవ్వక్కా."

చేతులు మారిన చప్పుడు. తర్వాత ఊపిరి. పదేళ్ళు పక్క గదిలోంచి విని, అది ఎలా ఉందో దాన్నిబట్టి ఆ రోజెలా గడుస్తుందో లెక్క కట్టుకున్న ఊపిరి.

"బుల్లీ," అన్నాడు. ఎంతో మెత్తగా. "చాలా బాగా చేశావు వీడియో. నీలో ఇంత కళ ఉందని నాకు తెలియనే తెలియదు. ఎన్నిసార్లు చూశానో. ఒక్కదాంట్లోనైనా నేనుంటానేమోనని."

ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"శ్రద్ధగా కత్తిరించావు నన్ను. కానీ ఒకచోట మర్చిపోయావు. పిచ్చుక పార్కులో ఉన్న ఫోటో. దాని భుజం మీద నా చెయ్యి మిగిలిపోయింది."

పాత ఫోటోలన్నిటిలోంచి ఆమె అతన్ని ఒక్కొక్కటిగా తీసేసింది నిజమే. గీత జరిపి, అంచు జరిపి, సగం మనిషిని, కాలిని, నీడను. ఆ ఒక్క ఫోటో దగ్గర అరగంట కూర్చుంది.

"మర్చిపోలేదు," అంది. "నీ చెయ్యి తీసేస్తే దాని భుజం తెగిపోతోంది. అందుకని ఉంచాను."

పెళ్ళయ్యాక అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. ఆ మాట అతనికీ తగిలినట్టుంది. అటువైపు ఊపిరి మారింది. ఆ మార్పు ఆమెకు తెలుసు. దాని తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు.

"అక్కా, బయటికి వచ్చెయ్!" అని అరిచింది.

కుర్చీ జరిగిన చప్పుడు. ఏదో గాజు నేల మీద పడి పగిలింది. ఆ వెంటనే, ఫోను పగిలిపోతుందేమో అన్నంత మోతతో, దుకాణం ఇనప షట్టరు పైనుంచి కిందిదాకా ధడాలున దిగింది.

ఆ తర్వాత ఫోనులో చప్పుడు లేదు.

"అక్కా! అక్కా!"

బావ పరుగున వెళ్ళి స్కూటరు తిప్పాడు. హెడ్‌మిస్ట్రెస్ పిచ్చుకను దగ్గరికి తీసుకుని, వెళ్ళండన్నట్టు తలూపింది. బుల్లి వెనక కూర్చుంది. బావ చొక్కా గట్టిగా పట్టుకుంది.

"బావా, అక్క షట్టరు బయటి నుంచే దించి ఉంటుంది కదూ? అతన్ని లోపల పెట్టేసి ఉంటుంది. అంతే కదూ? మన షట్టరు బయటి నుంచే కదా దించేది?"

బావ గేటు దాటాక, రోడ్డెక్కాక అన్నాడు.

"రెండు వైపుల నుంచీ దించొచ్చమ్మా."